పియానో క్లాసు: నాలుగేళ్లకా, ఏడేళ్లకా, పదేళ్లకా?

మా పెద్దవాడిని నాలుగేళ్ల ఎనిమిది నెలలప్పుడు కీబోర్డ్ క్లాసులో చేర్పించాం. చిన్నదాన్ని ఏడేళ్లు నిండాక. పెద్దవాడు ఏడు నెలలకే మానేశాడు. పదో ఏట మళ్లీ తనే అడిగి కూర్చున్నాడు. చిన్నది మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆపలేదు, ఇది నాలుగో ఏడు. ఒకే ఇల్లు, ఒకే కీబోర్డు, ఇంచుమించు ఒకే రకం పాఠాలు. తేడా అంతా ఎప్పుడు మొదలుపెట్టామన్న దాంట్లోనే ఉందనను కానీ, చాలావరకు అక్కడే ఉంది.

అందుకే అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా "మా పాపకు ఐదేళ్లొచ్చాయి, పియానోలో వేసేయమంటారా?" అని అడిగితే చప్పున "వేసేయండి" అనలేను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఇంట్లో సంగీతం వచ్చినవాళ్లు ఎవరూ లేని మామూలు కుటుంబంలో, ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య మొదలుపెట్టడమే ఏడుపులు తక్కువున్న దారి. అంతకుముందు సంగీతమే వద్దని కాదు, ఆ వయసుకు పాట, తాళం చాలు. తొమ్మిది, పదేళ్లు వచ్చాక మొదలుపెట్టినా కొంప మునిగేదేమీ లేదు. అక్కడ ఇబ్బంది వేళ్లతో రాదు, స్కూలు టైంటేబుల్‌తో వస్తుంది.

నాలుగు, ఐదేళ్లప్పుడు మొదలుపెడితే

వయొలిన్‌కు ఒక సౌకర్యం ఉంది. చిన్నపిల్లల చేతికి సరిపోయేలా చిన్న చిన్న సైజుల్లో దొరుకుతుంది. పిల్లలు పెరిగేకొద్దీ పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు అంటూ మార్చుకుంటూ పోవచ్చు. పియానోకు ఆ వెసులుబాటు లేదు. ఐదేళ్ల పిల్లకైనా, కచేరీ చేసే పెద్దాయనకైనా అవే 88 మెట్లు. 52 తెల్లవి, 36 నల్లవి. ఒక్కో తెల్ల మెట్టు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. అంటే పక్కపక్కనున్న ఐదు మెట్ల మీద ఐదు వేళ్లు పెట్టి కూర్చోవాలన్నా దాదాపు 12 సెంటీమీటర్లు పరచాలి. నాలుగేళ్ల పిల్లల చేతికి అది సాగదీసినట్టే ఉంటుంది.

వెడల్పు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. చేతిని బల్లమీద పెట్టి, మిగతా వేళ్లు కదలకుండా ఉంగరం వేలు ఒక్కటే పైకెత్తి చూడండి. మనకే కష్టం. నాలుగేళ్ల పిల్లలకైతే ఆ ఒక్క వేలికోసం మొత్తం చెయ్యే లేస్తుంది, ఆ చెయ్యితో పాటు భుజం లేస్తుంది, కొందరికి నాలుక కూడా బయటికొస్తుంది. మెట్టు నొక్కేటప్పుడు వేలి చివరి కణుపు లోపలికి మడత పడిపోతుంది. ఆ వయసులో అది సహజమే. కానీ అలాగే రోజూ నొక్కితే అదే అలవాటుగా పాతుకుపోతుంది. తర్వాత దాన్ని మాన్పించడానికి ఇంకో మాస్టారు కావాలి.

మావాడి మొదటి క్లాసు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పియానోలో వేళ్లకు నంబర్లుంటాయి. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, అలా చిటికెనవేలు ఐదు. సార్ "రెండో వేలు నొక్కు నాన్నా" అన్నారు. వీడు చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుని, చిటికెనవేలు మడిచి "ఒకటి" అని, ఉంగరం వేలు మడిచి "రెండు" అని, ఆ ఉంగరం వేలితోనే నొక్కాడు. సార్ మళ్లీ చెప్పారు. మళ్లీ అదే. మూడోసారి సార్ కాస్త గొంతు పెంచారు, వీడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. మా అమ్మ వాడికి రాత్రిపూట ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆదితాళం వేయడం నేర్పింది. దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. మనవాళ్లు వేళ్ల మీద ఏది లెక్కపెట్టినా చిటికెనవేలితోనే మొదలు. వాడు తప్పు చేయలేదు, అమ్మమ్మ లెక్క చేశాడు. ఏడేళ్ల పిల్లలకు "ఇక్కడ లెక్క వేరు, బొటనవేలి నుంచి" అంటే ఒక్కసారికి ఎక్కుతుంది. నాలుగేళ్లవాడికి ఉన్న ఒక్క లెక్కా మార్చుకోవడం అంత తేలిక కాదు.

మరి నాలుగేళ్లకే మొదలుపెట్టించే పద్ధతులు లేవా? ఉన్నాయి, మంచివే. జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ మాస్టారు, పిల్లలు మాతృభాష నేర్చుకున్నట్టే సంగీతమూ నేర్చుకోగలరన్నాడు. ముందు వినడం, తర్వాత పలకడం, చదవడం ఎప్పటికో. ఆ పద్ధతి పియానోకూ వచ్చింది. యమహా కంపెనీ 1954లో టోక్యోలో మొదలుపెట్టిన పిల్లల సంగీత తరగతులదీ కొంచెం ఇలాంటి ధోరణే. గుంపుగా కూర్చోబెట్టి పాడించడం, చప్పట్లు కొట్టించడం, మధ్యమధ్యలో కీబోర్డు ముట్టుకోనివ్వడం. అయితే ఈ పద్ధతుల్లో ఒక షరతు ఉంటుంది, మన దగ్గర ఎవరూ దాన్ని గట్టిగా చెప్పరు. అమ్మో నాన్నో క్లాసులో పక్కన కూర్చోవాలి, ఇంటికొచ్చాక రోజూ పక్కన కూర్చోవాలి. సుజుకి పద్ధతిలో పెద్దవాళ్లే ముందు నాలుగు పాటలు నేర్చుకోవడం కూడా మామూలే. "పిల్లాడిని దింపేసి గంట తర్వాత వచ్చి తీసుకెళ్తాను" అనే ఏర్పాటుకు, నాలుగేళ్ల వయసుకు పొసగదు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ ఏడున్నరకు ఇల్లు చేరే ఇంట్లో ఇది ఎంతవరకు సాధ్యమో మీకే తెలుసు.

ఇక్కడ ఎవరో ఒకరు, పసితనంలోనే కచేరీలు చేసిన యూరప్ సంగీతకారుడు మొజార్ట్ పేరెత్తుతారు. ఈమధ్య అయితే 2019లో అమెరికా టీవీ పోటీలో గెలిచిన చెన్నై కుర్రాడు లిడియన్ నాదస్వరం పేరెత్తుతారు. మొజార్ట్ తండ్రి సాల్జ్‌బర్గ్ ఆస్థాన సంగీతకారుడు, వయొలిన్ నేర్పడం మీద పుస్తకం రాసినవాడు. ఇంట్లో అక్క రోజూ వాయిస్తుంటే పక్కన నిలబడి చూసిన పిల్లాడు మొజార్ట్. లిడియన్ తండ్రి సంగీత దర్శకుడు. వాళ్ల ఇళ్లలో సంగీతం మన ఇళ్లలో టీవీ మోగినట్టు మోగుతుంది. మన ఇల్లు అలాంటిదైతే మూడేళ్లకైనా మొదలుపెట్టవచ్చు, నన్ను అడగనక్కర్లేదు.

నాలుగేళ్లకే వేయాలనేవాళ్ల రెండో వాదన పర్ఫెక్ట్ పిచ్. ఏ స్వరం వినిపించినా ఆధారం లేకుండా దాని పేరు చెప్పేయగల శక్తి అది. చాలా చిన్నప్పుడే సంగీతం మొదలుపెట్టినవాళ్లలో ఇది ఎక్కువ కనిపిస్తుందన్నది నిజమే. కానీ పియానో బాగా వాయించడానికి అది అవసరం లేదు. మన సంగీతంలో అయితే ఎవరి గొంతుకు తగ్గ శ్రుతి వాళ్లు పెట్టుకుంటారు, సా ఎక్కడుంటే దాన్నిబట్టి మిగతావి. అక్కడ కావలసింది స్వరానికీ స్వరానికీ మధ్య దూరం వినపడే చెవి. దాన్ని పదేళ్లకూ పెంచుకోవచ్చు, ఇరవైకీ పెంచుకోవచ్చు.

ఆరు, ఏడేళ్లప్పుడు

ఈ వయసుకున్న బలమంతా చదవడంలో ఉంది. పియానో పిల్లలు గీతల మీద చుక్కలుగా రాసిన స్వరాలను ఒకేసారి రెండు వరుసలు చదవాలి, పైది కుడిచేతికి, కిందది ఎడమచేతికి. గీత మీదున్న చుక్క ఒకటి, గీతల మధ్యలోని చుక్క ఇంకొకటి. మన పిల్లల సంగతి ఒకసారి ఆలోచించండి. ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి వచ్చేసరికి ఇంగ్లిష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, తెలుగు గుణింతాలు, చాలాచోట్ల హిందీ కూడా. మూడు లిపులు తల మీద ఉన్న ఏడాదే స్టాఫ్ నొటేషన్ అనే నాలుగో లిపి ఎత్తితే ఏదో ఒకటి కింద పడుతుంది. సాధారణంగా పడేది నొటేషనే, ఎందుకంటే దానికి స్కూల్లో మార్కులు లేవు. రెండో తరగతికి వచ్చేసరికి ఇంగ్లిష్ చదవడం కుదురుకుంటుంది, పియానో స్వరాల పేర్లైన ఏ నుంచి జీ వరకు వెనక్కీ ముందుకీ చెప్పగలరు, కుడి ఎడమలు ఆలోచించకుండా వస్తాయి. అప్పుడు ఈ నాలుగో లిపి ఒక ఆటలా ఎక్కుతుంది.

మా చిన్నది, వాళ్లన్న ఏడు నెలలు కుస్తీ పట్టిన పుస్తకాన్ని ఆరు వారాల్లో ముగించింది. తెలివితేటల్లో తేడా అనుకునేరు, కాదు. స్కూల్లో వాడే ముందు.

ఈ వయసులో ఇంకో లాభం, తప్పుని తప్పుగా వినగలగడం. ఐదేళ్ల పిల్లలకు తప్పు నొక్కినా ఒప్పు నొక్కినా శబ్దం వచ్చింది కదా అన్న సంబరమే. ఏడేళ్ల పిల్ల "అబ్బా, మళ్లీ" అని తనే వెనక్కి వెళ్తుంది. టీచరు లేని మిగతా ఆరు రోజులూ ఇంట్లో పని నడిపించేది ఆ "మళ్లీ" ఒక్కటే.

తొమ్మిది, పదేళ్ల తర్వాత

కోస్తా జిల్లాల చర్చిల్లో ఆదివారం పూట కీబోర్డు వాయించే కుర్రాళ్లను గమనించండి. చాలామంది పది, పన్నెండేళ్లప్పుడు అన్నల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లే. నొటేషన్ రాదు, సంగీత పరీక్షల గ్రేడ్ సర్టిఫికెట్ లేదు. కానీ పాడేవాళ్లు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా రెండు లైన్లు వినేసరికి కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు, పట్టేస్తారు. పదేళ్లకు మొదలుపెడితే ఏం వస్తుంది అనేవాళ్లకు నేను చూపించేది వీళ్లనే. వాళ్లకు ప్రతి వారం వాయించాల్సిన చోటు ఒకటుంది, వినేవాళ్లున్నారు, తప్పుపోతే సర్దుకునే పాటగాళ్లున్నారు. అంతకు మించిన స్కూలు ఉండదు.

పదేళ్ల పిల్లల వేళ్లు సిద్ధం, చదువు సిద్ధం, కోరిక కూడా సొంతదే. మావాడు రెండోసారి వచ్చినప్పుడు ఎవరూ కూర్చోమని చెప్పలేదు. ఒక సినిమా పాట తనకు తానుగా వాయించాలని పట్టు పట్టాడు. చిక్కల్లా రెండు. ఒకటి, మొదటి పుస్తకంలోని పాటలు నాలుగేళ్ల పిల్లల కోసం రాసినట్టుంటాయి, బొమ్మలు కూడా అలాంటివే. పదేళ్లవాడికి అవి నామోషీ. వయసుకు తగ్గ పుస్తకం వాడే టీచర్‌ని, మధ్యలో వాడికి నచ్చిన పాట ఒకటి సులువు చేసి ఇచ్చే టీచర్‌ని వెతకాలి.

రెండోది మన ఊళ్ల సంగతి. హైదరాబాద్, విజయవాడల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. ఎనిమిదికి వచ్చేసరికి సాయంత్రాలు పోతాయి, తొమ్మిదికి ఆదివారాలు పోతాయి. ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లకు ఈ వరద వచ్చేలోగా నాలుగైదేళ్లు దొరుకుతాయి. అప్పటికి రెండు చేతులూ కలిసి నడుస్తాయి. క్లాసు మానేసినా వాయించుకోవడం మానదు. పదేళ్లకు మొదలుపెట్టినవాడికి రెండేళ్లే దొరకొచ్చు. అందుకని పదేళ్లవాడిని వద్దనను, కానీ ఆ రెండేళ్లలో గ్రేడ్ పరీక్షల వెంట పరుగెత్తించకుండా, విని వాయించడం, కార్డ్స్ పట్టడం నేర్పిస్తే చేతిలో మిగిలేది ఎక్కువ.

పాట ముందు, పియానో తర్వాత

నన్నడిగితే నాలుగేళ్ల నుంచి ఆరేళ్ల వరకు ఖాళీగా ఉంచనక్కర్లేదు. వీధిలో ఎవరో ఒక సంగీతం టీచరు ఉంటారు. సరళీ వరుసలు, జంట వరుసలు (కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలు), తాళం. గొంతుకు కణుపులు మడత పడవు, కొనాల్సిన వాయిద్యం లేదు. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సరళీ వరుస పాడిన పిల్లకు పియానో దగ్గర లయ గురించి కొత్తగా చెప్పేది పెద్దగా ఉండదు. అదే లెక్కను రెట్టింపు వేగంలో పాడటం తనకు అప్పటికే వచ్చు.

ఒక తమాషా మాత్రం జరుగుతుంది, ముందే తెలిసి ఉండటం మంచిది. మన పాఠాలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. పియానో పాఠాలు చాలాచోట్ల తెల్ల మెట్ల మీద, సీ మేజర్ అనే వరుసలో మొదలవుతాయి. అది మన శంకరాభరణం. రెండింటికీ తేడా రి దగ్గర, ద దగ్గర. మా చిన్నది మొదటి రోజు సా నుంచి తెల్ల మెట్లు వరుసగా నొక్కుతూ పాడబోయి, రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. "అమ్మా, ఈ కీబోర్డులో రి పాడైపోయింది" అంది. టీచరు నవ్వి, ఆ పక్కనే ఉన్న నల్ల మెట్టు మీద దాని వేలు పెట్టారు. దాని ముఖం చూడాలి అప్పుడు. పోయిన వస్తువు దొరికినట్టు. ద కూడా తనే వెతుక్కుని నల్ల మెట్టు మీద పట్టుకుంది.  దానికి చెవి దారి చూపించింది.

తెల్ల మెట్ల మీదే మన పాట కావాలంటే ముత్తుస్వామి దీక్షితులు రాసిన నొట్టు స్వరాలున్నాయి. ఇంగ్లిష్ బ్యాండు వాళ్ల బాణీలు విని, శంకరాభరణం స్వరాల్లో సంస్కృత సాహిత్యం కట్టాడాయన. గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) లేకుండా సూటిగా పోతాయి కాబట్టి పియానోకు అచ్చంగా కుదురుతాయి. గమకం ఉన్న కీర్తన మాత్రం పియానో మీద వాయిస్తే మెట్లు దిగినట్టు వినిపిస్తుంది. పాట నేర్చుకున్న పిల్ల ఈ తేడా చూసి ముఖం చిట్లిస్తే సంతోషించండి, చెవి పనిచేస్తోందన్నమాట. రెండు క్లాసులూ ఒకే ఏడాది మొదలుపెట్టవద్దు, అంతే.

సిద్ధంగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవడం

కీబోర్డులో డెమో పాట పెడితే గంతులు వేయడం సూచన కాదు. "దీనికి మ్యూజిక్ అంటే ప్రాణమండీ" అని ప్రతి నాలుగేళ్ల పిల్ల గురించీ చెప్పవచ్చు. మేమూ చెప్పాం. గంటసేపు టీవీ ముందు కదలకుండా కూర్చోవడం కూడా ఏకాగ్రత కింద రాదు.

నేను చూసేవి ఇవి. ఏదైనా పాట పెట్టి చప్పట్లు కొట్టమనండి. పాట ఆపేశాక కూడా అదే నడకలో ఇంకో నాలుగు చప్పట్లు కొట్టగలిగితే లయ లోపలికి వెళ్లినట్టు. బల్లమీద రెండు చేతులూ పెట్టించి, వేళ్లకు నంబర్లు చెప్పి, "కుడి రెండు, ఎడమ నాలుగు" అని ఆట ఆడండి. బొటనవేలే ఒకటని ముందే చెప్పండి, మావాడి గతి పట్టకుండా. పదిలో ఏడెనిమిది సరిగ్గా తడితే చాలు. బొమ్మ గీయడమో, ముక్కలు అతికించి బొమ్మ కూర్చడమో, ఏదో ఒక పనిలో పదిహేను నిమిషాలు ఎవరూ పిలవకుండా ఉండగలుగుతోందా చూడండి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువిచ్చేది, పని చెడిపోయినప్పుడు ఏం చేస్తారన్నది. కట్టిన బ్లాకులు కూలిపోతే కాసేపు ఏడ్చినా మళ్లీ కడతారా, లేక తన్నేసి వెళ్లిపోతారా? పియానో నేర్చుకోవడమంటే రోజూ పదిహేను నిమిషాలు బ్లాకులు కూలిపోవడమే. తన్నేసే పిల్లలు చెడ్డవాళ్లేమీ కాదు, వాళ్లకు ఇంకో ఏడాది కావాలి.

అడగడం సంగతి. స్నేహితురాలి ఇంట్లో చూసొచ్చిన రాత్రి అడిగితే అది ఆ రాత్రి కోరిక. మీరు ఏమీ అనకుండా మూడు వారాలు ఊరుకున్నాక మళ్లీ అడిగితే అప్పుడు ఫోన్ చేయండి.

పిల్లల సంగతి అయ్యాక మీ సంగతి. వారానికి ఐదు రోజులు, ఒకే వేళకు, పదిహేను నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కూర్చోగలరా? ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు పనిచేస్తుంది. కూర్చోలేని పరిస్థితి అయితే పిల్లకు ఎనిమిది వచ్చేవరకు ఆగండి, అప్పటికి సగం పని తనే చూసుకుంటుంది. అమ్మమ్మో తాతయ్యో ఇంట్లో ఉంటే అదృష్టం. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, పక్కన కూర్చుని "ఇందాకటిది మళ్లీ వాయించమ్మా" అనేవాళ్లు ఉంటే చాలు.

ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి

ఇది కూడా వయసుతో ముడిపడిందే. ఐదేళ్ల లోపు పిల్లలకు పెద్ద వాయిద్యం కొనకండి. మెట్లు సన్నగా ఉండే బుల్లి కీబోర్డులు బొమ్మలుగా బాగుంటాయి గానీ, వాటి మీద నేర్చుకున్న వేళ్ల దూరం తర్వాత పనికిరాదు. ఆరేడేళ్లకు మొదలుపెట్టేవాళ్లు 61 మెట్ల కీబోర్డుతో మొదటి ఏడాది గడిపేయవచ్చు. మెట్లు మామూలు వెడల్పువై ఉండాలి. రెండోది, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలకాలి. షాపులో "టచ్ సెన్సిటివ్ ఉందా?" అని అడగండి. అడగకపోతే ఆ సౌకర్యం లేనిదే చేతిలో పెడతారు, మాకు పెట్టినట్టు. యమహా, క్యాసియోలలో ఇవి దొరుకుతాయి.

ఏడాది నిలబడితే అప్పుడు 88 మెట్ల డిజిటల్ పియానో. దాని మెట్లు అసలు పియానోలా బరువుగా దిగుతాయి. అసలు పియానోలో మెట్టు నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది, ఆ బరువు వేలికి తెలియాలి. తేలికపాటి కీబోర్డు మీద మూడేళ్లు వాయించిన పిల్లను ఒకసారి అసలు పియానో ముందు కూర్చోబెట్టి చూడండి, సగం స్వరాలు పలకనే పలకవు. యమహా, క్యాసియో, రోలాండ్ వాళ్లవి దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు కాబట్టి కింద ఫ్లాట్ వాళ్లతో గొడవ ఉండదు. తీగల పియానో అంటే లక్షలు, రెండు వందల కిలోల పైన బరువు, ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రుతి చేయించడం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. పదేళ్లలోపు పిల్లల కోసం దాని గురించి ఆలోచించక్కర్లేదు.

కుర్చీ సంగతి ఎవరూ చెప్పరు. భోజనాల బల్ల కుర్చీలో కూర్చోబెడితే పిల్లల మణికట్టు మెట్ల కంటే కిందకి వేలాడుతుంది. మోచేయి మెట్ల ఎత్తుకు రావాలి. దిండు వేస్తే జారుతుంది, దుప్పటి మడతలు వేసి ఎత్తు చేయండి. అప్పుడు కాళ్లు గాల్లో ఊగుతాయి, కాళ్లు ఊగుతుంటే నడుము నిలవదు. మేం దేవుడి గదిలోని పాత చెక్కపీట తెచ్చి కాళ్ల కింద పెట్టాం. పూజకు ఇంకొకటి కొనుక్కున్నాం.

క్లాసు ఎంచుకునేటప్పుడు

ముందు ఒక ప్రశ్న అడగండి: "మీరు నేర్పేది పియానోనా, కీబోర్డా?" మన ఊళ్లలో రెండు పేర్లూ కలిపి వాడేస్తున్నారు గానీ అవి రెండు విద్యలు. కీబోర్డులో కుడిచేత్తో పాట వాయిస్తారు, ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటే మిషన్ డప్పులూ గిటార్లూ కలుపుతుంది. పియానోలో ఎడమచేయి తన పాట తాను వాయించాలి, అందుకే కష్టం. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల పరీక్షల్లోనూ పియానోకు ఒక సిలబస్, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే సిలబస్. త్వరగా పాట వినిపించాలి, ఇంట్లో ఉత్సాహం నిలబడాలి అంటే కీబోర్డు మంచిదే. ఏడాది తర్వాత పియానోకు మారదాంలే అనుకుంటే మాత్రం ఎడమచేయి మళ్లీ ఒకటో తరగతిలో చేరాలి.

ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం (ఇదీ సంగీత పరీక్షలు పెట్టే బ్రిటిష్ సంస్థే) రెండింటిలోనూ గ్రేడ్ ఒకటికి ముందు ఇనిషియల్ అని ఒక మెట్టుంది, పైన ఎనిమిదో గ్రేడ్ వరకు. కనీస వయసు నిబంధన లేదు. అందుకే కొన్నిచోట్ల ఐదున్నరేళ్లకే పరీక్షకు కూర్చోబెడతారు. మా పెద్దవాడి క్లాసులో జరిగింది అదే. పరీక్షకు మూడు పాటలు కావాలి, ఆ మూడు పాటలే నెలల తరబడి. నాలుగో పాట అడిగితే "పరీక్ష అయ్యాక" అన్నారు. వాడు పరీక్ష దాకా రాలేదు. మొదటి ఏడాదిలో పరీక్ష మాటే ఎత్తని టీచరు దొరికితే వదలకండి.

ఆన్‌లైన్ క్లాసు ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు బాగానే నడుస్తుంది. అంతకంటే చిన్నవాళ్లకైతే కెమెరా అవతలున్న టీచరు వేలు పట్టి పెట్టలేరు కదా, ఆ పని మీదే అవుతుంది. ఆరేడుగురు పిల్లలున్న గ్రూపు క్లాసు ఐదేళ్ల వాళ్లకు సరదాగా ఉంటుంది గానీ, ఏడేళ్లు దాటాక ఒక్కొక్కరికీ విడిగా అరగంట దొరికితేనే ముందుకు సాగుతారు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి లెక్క వేరే. అక్కడ ఇంటి దగ్గరి టీచరు వారానికి అరగంట చెప్తారు. ఐదేళ్లు నిండగానే వీధిలో పిల్లలంతా చేరిపోతారు కాబట్టి మనమెందుకు ఆగాలన్న టెన్షన్. కానీ ఆ పిల్లకు శనివారం కూచిపూడి, ఆదివారం తెలుగు బడి, మధ్యలో ఈత. నేను ఏడేళ్ల వరకు ఆగమన్నాను. అక్కడ చాలా స్కూళ్లలో నాలుగు, ఐదు తరగతుల్లో బ్యాండు, ఆర్కెస్ట్రా మొదలవుతాయి. అప్పటికి రెండేళ్లు పియానో వాయించి ఉంటే నొటేషన్ వచ్చేస్తుంది, తర్వాత ఏ వాయిద్యం చేతికిచ్చినా సగం పని అయినట్టే. ఇక్కడి ఐఐటీ ఫౌండేషన్ తలనొప్పి వాళ్లకు లేదు కాబట్టి తొందరపడాల్సిన పనీ లేదు.

ట్రయల్ క్లాసుకు తప్పకుండా వెళ్లండి, లోపల కూర్చోనిస్తారా అని అడగండి. టీచరు ఎంత బాగా వాయిస్తారన్నది కాదు చూడాల్సింది. మీ పిల్ల తప్పు నొక్కినప్పుడు ఆ ముఖంలో ఏం కనిపిస్తుందో చూడండి. చిన్నదాన్ని ఐదున్నరప్పుడు మొదటిసారి తీసుకెళ్తే ఆ మేడమ్ ఇరవై నిమిషాలు ఆడించి, "ఇంకో ఏడాది పైన ఆగి తీసుకురండి, ఈలోగా పాడనివ్వండి" అన్నారు. ఫీజు వద్దనుకునే టీచరు ఎక్కడుంటుంది అనుకుని, మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాం.

ఇప్పటికే తొందరపడి చేర్పించి, రోజూ ఏడుపులు చూస్తున్నవాళ్లు ఉంటే, వేసవి సెలవులప్పుడు ఆపేయండి. "ఓడిపోయావు" అనే అర్థం వచ్చేలా కాదు, "సెలవులు కదా" అన్నట్టుగా. మేం చేసిన పొరపాటు, మావాడు మానేసిన రోజే కీబోర్డు అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించడం. అది కొన్నేళ్లు అక్కడే ఉంది. చెల్లెలి కోసం దింపి హాల్లో పెట్టాకే వాడు అటూ ఇటూ పోతూ నిలబడి ఒక చేత్తో ఏదో నొక్కడం మొదలుపెట్టాడు, ముఖ్యంగా చెల్లెలు తప్పు వాయిస్తున్నప్పుడు.